గుమ్మపాల వెచ్చదనం

ఆ ఏడాది క్రిస్మస్‌కి ముందు మా ఇంట్లో తోడు చచ్చిపోయింది. బీరు తోడు సంగతే చెబుతున్నాను, మనుషులంతా బాగానే ఉన్నారు. అయినా మా అత్త మొహం చూసినవాళ్ళెవరైనా ఇంట్లోంచి శవం లేచిందనే అనుకుని ఉంటారు.

మంచుకొండల మధ్య ఉన్న మా వోస్ లోయలో పండగ బీరు కొట్లో కొనుక్కునేవాళ్ళని అప్పట్లో మనుషుల్లో జమకట్టేవారు కాదు. ఇంటికో రాతిగోడల పొయ్యి కొట్టం, అందులో ఓ రాగి గంగాళం, అటక మీద ఇంటి ఈస్ట్. మా ఇంటి ఈస్ట్ మా ఆయన ముత్తాత నాటిది. ఏటా బీరు నురగలో, చెక్క ముక్కలు దారానికి గుచ్చిన గొలుసు ముంచి ఆరబెడితే, మళ్ళీ ఏడాది దాకా అది ఆ గొలుసు మీదే నిద్రపోతుంది. చూడబోతే బురద పట్టిన గొలుసు, అంతే. పెద్ద కాపుకి, అంటే పండగ బీరంతా కాచడానికి, ముందు బార్లీ మొలకల రసం కొంచెం కాచి, చెక్క బక్కెట్లో పోసి, అది గుమ్మపాలంత వెచ్చదనానికి దిగాక గొలుసులోంచి కొన్ని ముక్కలు తీసి అందులో వేసి, గొర్రెతోలు కప్పి ఆ ఈస్ట్‌ని నిద్ర లేపుతారు. పెరుగుకి తోడు పెట్టినట్టే. తోడు పొంగితే మర్నాడు కాపు. పొంగకపోతే ఏం చెయ్యాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అది పొంగని ఏడు లేదు.

వెచ్చదనం చూడటం ఇంటి మగవాడి పని. మా మామ కుడిచేతి వేళ్ళు రసంలో పెట్టి, కళ్ళు మూసుకుని, "ఆవు ఒప్పుకుంది" అనేవాడట. ఆయన పోయాక ఆ పని మా ఆయన హాల్వార్‌కి వచ్చింది. పక్క పొలం బ్రితా వదిన ఒకసారి థర్మామీటర్ తెచ్చిస్తే, "ఆవు పొదుగుకి ఇది కట్టి ఉంటుందా వదినా?" అని తిప్పి పంపేశాడు.

ఆ మనిషి ఆ శీతాకాలం నాకు బొత్తిగా అర్థం కాకుండా పోయాడు.

వంటింట్లో నా పక్కనుంచి వెళుతూ నా నడుం గిల్లకుండా వెళ్ళిన రోజు మా కాపురంలో లేదు. అత్త ఉన్నా అంతే, పాస్టరుగారు ఉన్నా అంతే. అలాంటివాడు గొర్రెల్ని కొండ మీంచి దింపినప్పటి నుంచీ చేతులు జేబుల్లోంచి తియ్యడం మానేశాడు. అడవిలో మోటారు రంపం పని నుంచి వచ్చి పొయ్యి పక్కన కూచుంటే చేతులు తొడల కింద పెట్టుకునేవాడు. మా తూరాకి ఆరేళ్ళు, కోటు బొత్తాలు పెట్టమని వెళితే, "అమ్మ దగ్గరికి పో తల్లీ, నాకు పనుంది" అనేవాడు. ఏం పనో మరి, గోడకేసి చూడ్డం. ఓ రోజు కాఫీ కప్పు చేతిలోంచి జారి పగిలితే కప్పుని తిట్టాడు. ఇంకో రోజు బూటు ముందు భాగం కత్తితో కోసినట్టు తెగి ఉంది. ఏమైందంటే మేకు గీసుకుందన్నాడు. మేకు అంత నున్నగా కోస్తుందా అనుకున్నాను గానీ అడగలేదు.

రాత్రిళ్ళు అటు తిరిగి పడుకునేవాడు. నేను చెయ్యి వేస్తే మెల్లిగా దూరం జరిగేవాడు. నేనేం చేశానో ఎంత ఆలోచించినా తట్టలేదు. నేనంటే మొహం మొత్తిందా అనుకున్నాను. ఒకసారి ధైర్యం చేసి అడిగాను కూడా.

"నా మీద కోపమా?"

"లేదు."

"మరి ఏమిటి?"

"ఈ ఏడు చలి ఎక్కువగా ఉంది."

మనిషి మనసులో ఏముందో అడిగితే వాతావరణం చెబుతాడు. ఇంక నేను ఎవరితో మాట్లాడను?

డిసెంబరులో బార్లీ మొలకలు తిరగలిలో విసిరాం. పొయ్యి కొట్టంలో రసం కాచాం. బయట మంచు, లోపల మంట, బక్కెట్లోంచీ గంగాళంలోంచీ మా నోళ్ళలోంచీ కూడా ఆవిరే. హాల్వార్ బక్కెట్లో వేళ్ళు పెట్టి చాలాసేపు ఉంచాడు.

"దిగింది. ముక్కలు వెయ్యి."

వేశాను. ఈస్ట్ వేసేటప్పుడు వెచ్చదనం చూసినవాడు గట్టిగా కేక పెట్టాలి. కేక ఎంత గట్టిదైతే బీరు అంత గట్టిగా వస్తుందంటారు. హాల్వార్ పెట్టిన కేకకి లోయ అవతల ఎవరిదో కుక్క బదులిచ్చింది.

మర్నాడు తోలు తీసి చూస్తే రసం కదలకుండా పడి ఉంది. నురగ లేదు, బుడగ లేదు, పులిసిన వాసన లేదు. అత్త వంగి చెవి పెట్టి వింది. పొంగే తోడు చిటపటమంటుంది. ఇది ఏమీ అనలేదు.

"చలి కొట్టేసింది," అన్నాడు హాల్వార్.

"చలా? మీ నాన్న మీసాలకి మంచు పట్టే చలిలో లేపాడురా దీన్ని."

"అయితే ఈస్ట్ పాతబడిపోయింది."

"ఆడలేక మద్దెల ఓడందట నీలాంటిదే," అంది అత్త.

గొలుసులో మిగిలిన ముక్కలన్నీ తెంపి ఇంకోసారి చేశాం. ఈసారి నన్ను ముట్టుకోనివ్వకుండా అంతా తనే చేశాడు. తోలు మీద దుప్పటి, దుప్పటి మీద తన కోటు కప్పాడు. అదీ చచ్చింది. ఖాళీ దారం అటక మీద మేకుకి వేలాడుతుంటే అత్త దాన్ని చూడలేక నిచ్చెన తీయించేసింది. క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందొచ్చే సెయింట్ థామస్ రోజుకి బీరు పీపాలో ఉండాలి. ఆ రోజు తర్వాత కాచేవాడి ఇంటికి పండగ రాదని మా వైపు సామెత.

ఆ మధ్యాహ్నం బంగాళదుంపలు చెక్కు తీస్తూ అత్త నన్ను పక్కకి రమ్మంది.

"సిన్నోవా, ఒకటడుగుతాను. కోప్పడకూడదు."

"అడుగు అత్తా."

"మీరిద్దరూ వీపులు చూపించుకుని పడుకుంటున్నారా?"

నా చేతిలో దుంప జారి నీళ్ళలో పడింది.

"ఈస్ట్‌కి చెవులుంటాయే పిల్లా. ఆలుమగలు మాట్లాడుకోని ఇంట్లో అది లేవదు. మా అమ్మ చెప్పేది."

"మేమేం పోట్లాడుకోలేదు అత్తా."

"అదే నేననేది. పోట్లాడుకున్నా నయమే, దానికి వినబడేది."

నవ్వాలనుకున్నాను, రాలేదు. నాకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. స్కూల్లో చదువుకున్నాను, ఈస్ట్ చెవులూ ముక్కూ లేని ప్రాణి అని తెలుసు. అయినా ఆ మాట నా గుండెల్లో దిగిపోయింది, ఎందుకంటే రెండో సగం నిజం. బీరు పోతే పోయింది, మొగుడు పోతున్నాడేమోనని నా భయం. దగ్గరే ఉండి పోతున్న మనిషిని ఎలా ఆపాలో నాకు ఎవరూ చెప్పలేదు.

వోస్‌లో ఒక పద్ధతుంది. ఇంటి ఈస్ట్ చచ్చిపోతే, ఎప్పుడో మీరు ఇచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళి మళ్ళీ తెచ్చుకోవచ్చు. అడిగితే ఎవరూ లేదనకూడదు. మా మామ పూర్వం బ్రితా వదిన మొగుడికి ఇచ్చాడు. మొగుడు పోయాక కూడా వదిన ఒక్కతే ఏటా కాచేది, ఒక్కతే సగం తాగేది, మిగతా సగం ఎవరొస్తే వాళ్ళకి పోసేది.

నేను వెళ్ళేసరికి వదిన గచ్చు తోముతోంది.

"తీసుకుపోవే, మీ సొమ్మే. మొన్న నా గిన్నె దాటి పొంగి ఈ గచ్చంతా పారింది. చూడు, నడుం పోయింది కడగలేక." నేలమాళిగలోంచి చిన్న జాడీ తెచ్చి నా చేతిలో పెట్టింది. అడుగున చిక్కటి గంజిలా ఈస్ట్, ఇంకా బుసబుసలాడుతోంది. "ఇది కూడా మీ ఇంట్లో పొంగకపోతే తప్పు దీనిది కాదు, మీ ఇంటిది."

పకపకా నవ్వింది. ఆమె అందరితోనూ అలాగే అంటుంది. నాకు మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు.

జాడీ కోటు లోపల పెట్టుకుని వచ్చాను. పొయ్యి కొట్టంలో హాల్వార్ అప్పటికే రసం కాచి బక్కెట్లో పోసి, మోకాళ్ళ మీద కూచుని ఉన్నాడు. కుడిచెయ్యి కణుపుల దాకా రసంలో ఉంది. కళ్ళు మూసుకున్నాడు, వాళ్ళ నాన్నలాగే.

"దిగింది," అన్నాడు. "గుమ్మపాలే. ఈస్ట్ పొయ్యి."

రసం మీద, వాసన కోసం వేసే జునిపర్ చెట్టు ఆకు ఒకటి తేలుతోంది. తీసేద్దామని వేలు పెట్టాను.

చుర్రుమని కాలి ప్రాణం పోయినట్టయింది. వేలు వెనక్కి లాక్కుని నోట్లో పెట్టుకున్నాను. అరవలేదు. ఎందుకు అరవలేదో ఇప్పటికీ తెలియదు. హాల్వార్ చెయ్యి ఇంకా ఆ రసంలోనే ఉంది. కణుపుల దగ్గర చర్మం ఎర్రగా కమిలింది, రసం కింద వేలి కొసలు మాత్రం కొవ్వొత్తుల్లా పాలిపోయి ఉన్నాయి. అతని మొహంలో నొప్పి లేదు. దేన్నో జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నవాడిలా ఉన్నాడు.

అంతా అర్థమైపోయిందని చెబితే అబద్ధం. అడవిలో ఏళ్ళ తరబడి రంపం అదురుకి వేళ్ళు తెల్లబడి చచ్చుబడిపోతాయని విన్నాను. కానీ అది ఎవరో ముసలివాళ్ళకి వచ్చే జబ్బనుకున్నాను, మా ఇంట్లో అన్నం తినే మనిషికి వస్తుందనుకోలేదు. నా చెయ్యి తగిలితే దూరం జరిగింది అందుకా? బొత్తాలు అందుకా? ఒక చెయ్యి వేడిని ఎలా మర్చిపోతుంది? అడిగితే ఏమంటాడు? అడక్కపోతే నేనేం మనిషిని? బుర్రంతా గందరగోళమైంది. అందులోంచి బయటికొచ్చిన మాట ఇదీ:

"ముందు కాఫీ తాగుదాం."

కళ్ళు తెరిచాడు. "ఇప్పుడా?"

"ఇప్పుడే. నడిచొచ్చాను, కాళ్ళు పీకుతున్నాయి."

"వదిన ఇల్లు రెండంగల దూరం."

"ఆ రెండంగలే పీకాయి."

కాఫీ తెచ్చాను. గడప మీద కూచుని తాగాం. కప్పుని రెండు అరచేతుల మధ్యా ఇరికించి పట్టుకున్నాడు, నేను చూడనట్టు కొండకేసి చూశాను. ఆవుల సంగతి మాట్లాడాను, తూరా పన్ను కదలడం గురించి మాట్లాడాను. ఇంత సేపు మేమిద్దరం పక్కపక్కన కూచుని ఎన్నాళ్ళైందో అనిపించింది. తర్వాత లోపలికెళ్ళి, బక్కెట్ జరుపుతున్నట్టు నటించి, వేలు పెట్టి చూశాను. ఇంకా వేడే. ఇంకో కప్పు తెచ్చాను. మూడోది కూడా తాగాం. అప్పటికి దిగింది. నా చిన్నప్పుడు మా అమ్మ ఆవు దగ్గర నా నోట్లోకి పితికిన పాల వెచ్చదనం.

"పొయ్యనా?"

నాకేసి చూశాడు, బక్కెట్‌కేసి చూశాడు. చెయ్యి జేబులోంచి తియ్యలేదు.

"నీకెలా తోస్తే అలా," అన్నాడు.

ఆ మాట ఆ కొట్టంలో ఏ మగవాడూ ఏ ఆడదానితోనూ అని ఉండడు. జాడీ వంచాను.

"కేక పెట్టవా?"

"నువ్వే పెట్టు."

పెట్టాను. పిల్లి తోక తొక్కినట్టు వచ్చింది. ఇంట్లోంచి తూరా పరిగెత్తుకొచ్చి, "అమ్మా, కాలు విరిగిందా?" అంది.

చీకటి పడేలోపు నురగ గొర్రెతోలుని ఎత్తేసింది. అత్త వచ్చి చెవి పెట్టి వింది, లేచి నా బుగ్గ మీద తట్టింది.

"మాట్లాడుకున్నారన్నమాట."

"కాఫీ తాగాం అత్తా."

"ఏదో ఒకటి," అంది.

పెద్ద కాపు రోజు తొట్టె నిండా రసం పట్టాక అందరం చుట్టూ నిలబడ్డాం. హాల్వార్ వేళ్ళు పెట్టాల్సిన సమయం. అతను తొట్టె అంచు దాకా వచ్చి ఆగాడు.

"సిన్నోవా, కాఫీ తాగుదామా?"

ఎగతాళి చేస్తున్నాడో, ఒప్పుకుంటున్నాడో, నిజంగానే కాఫీ కావాలో తేల్చుకోలేకపోయాను. మొహం చూస్తే మామూలుగానే ఉంది. నాకు తెలుసని తనకి తెలుసా? తనకి తెలుసని నాకు తెలిసినట్టు తనకి తెలుసా? తాగాం. తొట్టె బక్కెట్ కాదు కదా, దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అత్త విసుక్కుంది. "ఈ ఏడు బార్లీ కన్నా కాఫీ గింజలే ఎక్కువ అయ్యాయి మనకి."

ఆ తర్వాతి రోజులు నేను మింగలేక కక్కలేక ఉన్నాను. ఈ సంగతి బయటికి చెబితే రంపం పని పోతుంది. మాకున్న గొర్రెలూ నాలుగు ఆవులూ ఇల్లు నడపవు. చెప్పకపోతే? ఆ బూటు కోత కళ్ళ ముందు మెదిలేది. అప్పుడు రంపం కాలివేళ్ళ దగ్గర ఆగింది, ఈసారి ఎక్కడ ఆగుతుంది? హాల్వార్ పొద్దున్నే రంపం భుజాన వేసుకుని వెళుతుంటే కిటికీ దగ్గర నిలబడి, సాయంత్రం రెండు కాళ్ళతో తిరిగొస్తే చాలనుకునేదాన్ని. ఇది తను చెప్పాల్సిన మాట. నేను చెబితే అతని చేతులతో పాటు అతని పరువు కూడా నేనే కోసినట్టవుతుంది. నోరు మూసుకున్నాను, సరైన పనో కాదో తెలియకుండానే.

బీరు పులిసి, తొట్టె లోంచి పీపాలోకి దించే రోజు మా వైపు ఎవర్నీ పిలవక్కర్లేదు. వాసనకి వాళ్ళే వస్తారు. బ్రితా వదిన ముందొచ్చింది. తర్వాత ఇరుగుపొరుగు, ఆ వెనక అడవి పని మేస్త్రి స్తెయినార్, హాల్వార్ జట్టు పెద్ద. పొయ్యి కొట్టం బెంచీల మీద సర్దుకు కూచున్నారు. రంగు వేసిన చెక్క గిన్నె ఒక చేతి నుంచి ఇంకో చేతికి తిరిగింది. పల్చటి రొట్టెలు, ఎండిన గొర్రెమాంసం నేను తిప్పాను.

స్తెయినార్ రెండు చేతులా గిన్నె పట్టుకుని నిదానంగా తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"మీ నాన్న వేలు నీకు వచ్చిందిరా హాల్వార్. ఇలాంటి బీరు ఆయన పోయాక ఇదే తాగడం."

అందరూ అవునన్నారు. అత్త ముక్కు పైకెత్తి కూచుంది.

"పండగ అయ్యాక చెరువు మీది కొండ వాలు నరకాలి," అన్నాడు స్తెయినార్. "నిలువు వాలు. కాలు జారితే కింద చెరువే. కొత్త రంపాలు వస్తున్నాయి, పాతవాటికన్నా బరువు. ముందు నువ్వే దిగాలి. మిగతావాళ్ళ చేతుల మీద నాకంత నమ్మకం లేదు."

రొట్టెలు తిప్పుతున్నదాన్ని ఆగిపోయాను. హాల్వార్‌కేసి చూడలేక నేలకేసి చూశాను.

గిన్నె అతని దగ్గరికి వచ్చింది. అరచేతుల మధ్య ఇరికించి పట్టుకున్నాడు. తాగలేదు.

"ఈసారి పెట్టిన వేలు నాది కాదు మేస్త్రీ," అన్నాడు.

"మరెవరిదయ్యా, ఆవుదా?" అంది బ్రితా వదిన. అందరూ నవ్వారు.

"సిన్నోవాది." నవ్వు ఆగేదాకా ఆగాడు. "నా వేళ్ళకి వేడి తెలియట్లేదు. చల్లనా తెలియట్లేదు. పోయిన చలికాలం నుంచీ. ముందు చచ్చిన తోడులు రెండూ నేను చంపినవే. కాలుతున్న రసంలో ఈస్ట్ వేయించి, చలి అన్నాను, పాతదన్నాను."

పొయ్యిలో కట్టె చిటపటమంది.

"మరి రంపం?" అన్నాడు స్తెయినార్.

"అదీ అంతే. తిరుగుతోందో ఆగిందో కళ్ళతో చూస్తే గానీ తెలియదు."

స్తెయినార్ అతని చేతులకేసి చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"పండగ అయ్యాక రాకు," అన్నాడు చివరికి. "వేరే ఏదన్నా ఉంటే చూస్తాను. ఉంటుందని మాట ఇవ్వలేను."

"సరే."

అత్త లేచి, మాకు వీపు పెట్టి పొయ్యి ఎగదోసింది. ఎగదోయాల్సిన అవసరమేం లేదు, మంట బాగానే ఉంది. "చెప్పుకోవాలి కదరా నాన్నా," అంది మంటతో.

నాకు కోపమొచ్చింది, ఇన్నాళ్ళూ నాకు చెప్పనందుకు. గర్వమొచ్చింది, అందరి ముందూ చెప్పినందుకు. రేపు ఏం తినాలన్న దిగులొచ్చింది. ఏది ముందు పడాలో తెలియక పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాను. హాల్వార్ గిన్నె వదినకిచ్చి, లేచి, నా చేతిలో పళ్ళెం తీసి కింద పెట్టి, నన్ను బెంచీ మీద తన పక్కన కూచోబెట్టుకున్నాడు. ఆ శీతాకాలమంతా జేబులో దాచిన చేతిని అంతమందిలో తెచ్చి నా చేతి మీద వేశాడు.

"నీ చెయ్యి వెచ్చగా ఉందా?" అని అడిగాడు, నాకొక్కదానికే వినబడేలా.

భయంతో నా చెయ్యి అప్పుడు మంచులా ఉంది.

"వెచ్చగానే ఉంది," అన్నాను.

నమ్మాడు.